ఎక్స్‌ట్రా పని డబ్బు ఎందుకు ఆగిపోతుంది? చిన్న కాంట్రాక్టర్లు తెలుసుకోవాల్సిన చట్టం

ఇల్లు కట్టే కాంట్రాక్టర్‌కీ, కట్టించుకునే యజమానికీ మధ్య గొడవ పునాది దగ్గర మొదలుకాదు. స్లాబ్ పడేదాకా అందరూ బాగానే ఉంటారు. టైల్స్ అయిపోయి, రంగులు వేసి, గృహప్రవేశం దగ్గరపడ్డాక ఆఖరి బిల్లు బయటికి వస్తుంది. సంపు సైజు పెంచినందుకు ఇంత, పిట్టగోడ ఎత్తు లేపినందుకు ఇంత, పూజ గది గోడ పగలగొట్టి వాస్తు ప్రకారం మళ్లీ కట్టినందుకు ఇంత అని కాంట్రాక్టర్ రాసిస్తాడు. ఇవన్నీ మాట్లాడుకున్న రేటులోనే ఉన్నాయి కదా అని యజమాని అంటాడు. చాలాసార్లు ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు ఒకలా విన్నారు, ఇంకొకరు ఇంకోలా విన్నారు. ఏ రోజు ఏం అనుకున్నారో చెప్పే కాగితం లేదు.

చిన్న కాంట్రాక్టర్లు నష్టపోయే కేసులు గమనిస్తే, చట్టం వాళ్లకు వ్యతిరేకంగా ఉండి ఓడిపోయేవి తక్కువ. చట్టం ఇచ్చిన హక్కును రుజువు చేసుకోలేక వదులుకునేవే ఎక్కువ. పని చేసిన రోజున రెండు నిమిషాలు పెట్టి రాసుకోని మాట, రెండేళ్ల తర్వాత లాయరు ఆఫీసులో ఎంత చెప్పినా బలం తెచ్చుకోదు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

నోటిమాటకు విలువ ఉంది

ముందు ఒక అపోహ తీసేయాలి. అగ్రిమెంటు లేదు కాబట్టి కోర్టుకు వెళ్లినా లాభం లేదని చాలామంది మేస్త్రీలు అనుకుంటారు. అది నిజం కాదు. మన దేశంలో ఒప్పందాలకు ఇప్పటికీ 1872 నాటి భారత ఒప్పందాల చట్టమే ఆధారం. ఇద్దరూ ఇష్టపూర్వకంగా, చట్టం ఒప్పుకునే పని కోసం, ప్రతిఫలం మాట్లాడుకుని ఒప్పుకుంటే అది ఒప్పందమేనని దాని 10వ సెక్షన్ చెబుతుంది. రాతలోనే ఉండి తీరాలని వేరే చట్టం ప్రత్యేకంగా చెప్పిన వాటికి తప్ప, కాగితం తప్పనిసరి కాదు. ఇల్లు కట్టే పనికి నోటి ఒప్పందం చెల్లుతుంది.

అసలు రేటే మాట్లాడుకోకుండా చేసిన పని సంగతి ఏమిటి? దానికి అదే చట్టంలో 70వ సెక్షన్ ఉంది. ఎదుటివారి కోసం, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా, చట్టబద్ధంగా ఒక పని చేశారు. దాని ప్రయోజనం ఎదుటివారు అనుభవించారు. అలాంటప్పుడు వాళ్లు పరిహారం ఇవ్వాలి. ఈ సెక్షన్ గురించి ఎక్కువగా చెప్పుకునే తీర్పు కూడా నిర్మాణ పని గురించిందే. 1944లో బెంగాల్ పౌరసరఫరాల శాఖ అధికారులు అడిగితే ఒక కాంట్రాక్టు సంస్థ అరాంబాగ్‌లో కచ్చా రోడ్డు, గార్డు గది, ఆఫీసు, వంటగది లాంటివి కట్టి ఇచ్చింది. ప్రభుత్వ ఒప్పందం ఏ పద్ధతిలో జరగాలో ఆ పద్ధతిలో జరగలేదు. బిల్లు పెడితే, చెల్లే ఒప్పందమే లేదని ప్రభుత్వం వాదించింది. ఒప్పందం చెల్లకపోయినా కట్టించుకుని వాడుకున్నారు కాబట్టి డబ్బు ఇవ్వాల్సిందేనని 1961 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. బి.కె. మండల్ అండ్ సన్స్ కేసు అని లాయర్లు ఇప్పటికీ దీన్నే చూపిస్తారు.

ప్రభుత్వ పనులు చేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. రాజ్యాంగం 299వ అధికరణ ప్రకారం ప్రభుత్వ ఒప్పందం గవర్నర్ లేదా రాష్ట్రపతి పేరు మీద, అధికారం ఉన్న అధికారి సంతకంతో జరగాలి. సైటు మీద ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు "ముందు చేసెయ్, తర్వాత ఎస్టిమేట్‌లో కలుపుదాం" అన్న మాట ఆ లెక్కన ఒప్పందం కాదు. 70వ సెక్షన్ మిమ్మల్ని కొంత ఆదుకుంటుంది కానీ, ఆయన అడిగినట్టు, మీరు చేసినట్టు, శాఖ దాన్ని తీసుకున్నట్టు మూడూ మీరే నిరూపించాలి. ఆ పని ఎం-బుక్‌లో (శాఖ కొలతలు రాసుకునే పుస్తకంలో) ఎక్కిందో లేదో ఆ వారంలోనే చూసుకోవాలి. ఆ ఇంజినీరు బదిలీ అయిపోయాక కాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రాతపూర్వక అగ్రిమెంటు ఉండి, అందులో "యజమాని రాసి ఇవ్వనిదే అదనపు పనికి చెల్లింపు ఉండదు" అన్న షరతు ఉంటే 70వ సెక్షన్ అంత సులభంగా పనిచేయదు. ఒప్పందం దేని గురించి మాట్లాడిందో దాంట్లో ఒప్పందమే నడుస్తుంది. బిల్డర్లు ఇచ్చే వర్క్ ఆర్డర్లలో ఈ షరతు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. చదవకుండా సంతకం పెట్టి, సైటు ఇంజినీరు నోటిమాట మీద పని చేసుకుంటూ పోతే ఆ పని గాలిలో దీపమే.

రెండు నిమిషాల రాత

పరిష్కారం పెద్దదేం కాదు. యజమాని సైటుకు వచ్చి సంపు పెంచమని చెప్పి వెళ్లాడు. ఆ సాయంత్రమే వాట్సాప్‌లో ఇలా పంపండి: "సార్, ఈ రోజు మీరు చెప్పినట్టు సంపు 8 అడుగుల పొడవు నుంచి 12 అడుగులకు పెంచుతున్నాం. దీనికి మెటీరియల్, లేబర్ కలిపి అదనంగా సుమారు 38,000 అవుతుంది. సరే అంటే రేపటి నుంచి మొదలుపెడతాం." ఆయన "ఓకే" అంటే మీ చేతిలో ఒప్పందం ఉన్నట్టే. ఏమీ జవాబివ్వకుండా మర్నాడు సైటుకు వచ్చి తవ్వకం చూసి వెళ్లినా, ఆ మెసేజ్ మీ పక్షాన మాట్లాడుతుంది. అలా రాస్తే మొహమాటంగా ఉంటుందని, నమ్మకం లేదనుకుంటారని కొందరు వెనకాడతారు. ఆఖరి బిల్లు రోజు జరిగే గొడవ కంటే ఈ మొహమాటం చాలా చిన్నది. డబ్బు లెక్క ముందే తెలిస్తే యజమానికీ మేలే. వద్దనుకుంటే అక్కడే ఆపేయవచ్చు.

ఫోన్‌లోని మెసేజ్‌లు సాక్ష్యంగా చెల్లుతాయా అని తరచూ అడుగుతారు. చెల్లుతాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. అది ఏ ఫోన్‌లోది, ఎలా తీశారు అన్న వివరాలతో అది ఉంటుంది. పాత సాక్ష్య చట్టంలో 65బి సెక్షన్ చెప్పింది కూడా ఇలాంటిదే. ఆ సర్టిఫికెట్ లేకుండా ప్రింట్లు మాత్రమే పెడితే కుదరదని 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి స్క్రీన్‌షాట్లు తీసుకుని పాత ఫోన్ అమ్మేయకండి. పని పూర్తయి లెక్కలు తేలేదాకా ఆ ఫోనూ ఉంచండి, చాట్ బ్యాకప్ కూడా ఉంచండి.

అగ్రిమెంటులో ఏది లేకపోతే దెబ్బ తింటారు

స్టాంపు వెండర్ దగ్గర దొరికే నమూనా కాగితంలో పేర్లు, మొత్తం, గడువు మాత్రమే ఉంటాయి. గొడవలు వచ్చేవి వాటి దగ్గర కాదు.

మొదటిది కొలత. చదరపు అడుగు రేటు మాట్లాడుకుంటారు కానీ, ఏది చదరపు అడుగో మాట్లాడుకోరు. స్లాబ్ వైశాల్యమా, ప్లింత్ వైశాల్యమా? బాల్కనీ పూర్తి లెక్కా, సగం లెక్కా? మెట్ల గది, హెడ్‌రూమ్, పోర్టికో, ఎలివేషన్ కోసం ముందుకు తీసిన భాగం ఏ లెక్కలోకి వస్తాయి? 1,200 చదరపు అడుగుల ఇంటికి 1,900 చొప్పున 22,80,000 అని ఇద్దరూ అనుకుంటారు. కాంట్రాక్టర్ లెక్కలో అది 1,340 చదరపు అడుగులు అవుతుంది. 140 అడుగుల తేడా అంటే 2,66,000 రూపాయలు. చిన్న కాంట్రాక్టర్‌కు ఆ ఇంటి మీద మిగిలేది అంతే ఉండొచ్చు. ప్లాన్ కాపీ మీద కొలిచే భాగాలకు రంగు గీతలు గీసి, ఇద్దరూ సంతకం పెట్టి, అగ్రిమెంటుకు జత చేస్తే ఈ గొడవే ఉండదు.

రెండోది, రేటులో లేనివాటి జాబితా. ఏం చేస్తామో రాయడం కంటే ఏం చేయమో రాయడం మిమ్మల్ని ఎక్కువ కాపాడుతుంది. ప్రహరీ, సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు, కరెంటు మీటరు, గేటు, ఫాల్స్ సీలింగ్, కిచెన్ కబోర్డులు, పాత ఇల్లు కూల్చిన మట్టి తోలడం: ఇవి రేటులో ఉన్నాయా, లేవా? బండరాయి తగిలితే పునాది తవ్వకం ఖర్చు ఎవరిది? తెలంగాణలో చాలాచోట్ల ఈ చివరి ప్రశ్న ఒక్కటే లక్షల్లో ఉంటుంది.

మూడోది ధరలు. మెటీరియల్‌తో సహా ఒప్పుకున్నాక సిమెంటు, స్టీలు ధర పెరిగితే చట్టం తనంతట తాను రేటు పెంచదు. సైన్యానికి నెయ్యి సరఫరా చేసిన అలోపి పర్షాద్ సంస్థ, యుద్ధం వల్ల ఖర్చులన్నీ మారిపోయాయని ఎక్కువ డబ్బు అడిగితే, ఒప్పందం భారమైందన్న కారణంతో రేటు మారదని 1960లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే "స్టీలు టన్ను ఇంత వరకు, సిమెంటు బస్తా ఇంత వరకు ఈ రేటు, ఆపైన తేడా యజమానిది" అన్న ఒక వాక్యం ముందే ఉండాలి.

నాలుగోది, డబ్బు ఆగితే పని ఆపే హక్కు. స్టేజీల వారీ చెల్లింపు అందరూ రాస్తారు: బేస్‌మెంట్‌కు ఇంత, స్లాబ్‌కు ఇంత, ప్లాస్టరింగ్‌కు ఇంత. స్టేజీ డబ్బు రాకపోతే ఏమవుతుందో మాత్రం ఎవరూ రాయరు. చెల్లింపు 10 రోజులు దాటితే పని ఆపవచ్చనీ, ఆగిన రోజులు గడువుకు కలుస్తాయనీ రాసుకుంటే, పని వదిలేసి పోయావన్న నింద మీ మీద పడదు. అది లేనప్పుడు కూడా, ఆపే ముందు కారణం చెబుతూ ఒక మెసేజ్ పంపండి. చెప్పకుండా సెంట్రింగ్ సామాను తీసుకుని వేరే సైటుకు వెళ్లిపోవడం వల్ల గెలవాల్సిన కేసులు కూడా పోతాయి.

ఆలస్యానికి రోజుకు 5,000 పెనాల్టీ అని రాసి ఉంటే కంగారుపడకండి. ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి మించకుండా, సమంజసమైన పరిహారమే కోర్టు ఇప్పిస్తుంది. నష్టమే జరగని చోట పెనాల్టీ పేరుతో డబ్బు మినహాయించుకోవడం కుదరదని 2015లో కైలాష్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆలస్యం యజమాని వల్లే జరిగితే, డిజైన్ మార్చడం వల్లో, టైల్స్ ఎంపిక చేయకపోవడం వల్లో పని ఆగితే, ఆ రోజులను కూడా అప్పటికప్పుడు రాసి పెట్టుకోవాలి.

స్టాంపు గురించి ఒక్క మాట. సాధారణంగా 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుంటారు. స్టాంపు తక్కువైందని ఒప్పందం చెల్లకుండా పోదు. తక్కువైన సుంకం, పెనాల్టీ కట్టేదాకా దాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, అంతే.

మూడేళ్ల గడువు

బాకీ వసూలుకు గడువు మూడేళ్లు. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం, చెల్లింపుకు తేదీ అనుకోని పనికి ఆ మూడేళ్లు పని పూర్తయిన రోజు నుంచి నడుస్తాయి. బిల్లు ఇచ్చిన రోజు నుంచి కాదు, ఆఖరిసారి ఫోన్ చేసిన రోజు నుంచి కూడా కాదు. "వచ్చే నెల ఇస్తాను, పొలం అమ్మగానే ఇస్తాను" అన్న మాటలతో గడువు పెరగదు.

పెంచుకునే దారులు రెండు. బాకీ ఉన్నట్టు ఎదుటివారు సంతకంతో రాసిస్తే ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. కొంత డబ్బు కట్టి, కట్టినట్టు తన చేతిరాతలోనో సంతకంతోనో రాసినా అంతే. రెండూ పాత గడువు ముగియకముందే జరగాలి. కాబట్టి 20,000 చేతికిచ్చి "మిగతాది తర్వాత" అంటున్నప్పుడు, "మొత్తం బాకీ 2,40,000లో ఈ రోజు 20,000 ఇచ్చాను" అని ఒక చీటీ మీద రాయించి సంతకం తీసుకోండి. గట్టిగా అడగలేని పరిచయస్తుల దగ్గర కూడా ఈ చీటీ అడగవచ్చు. లెక్క కోసమని చెబితే ఎవరూ తప్పుపట్టరు.

చెక్కు చేతిలో ఉంటే

చెక్కు బౌన్స్ కేసుకు ప్రతి మెట్టు దగ్గరా తేదీ ఉంటుంది. చెక్కు మీదున్న తేదీ నుంచి 3 నెలల్లోపు బ్యాంకులో వేయాలి. తిరిగి వచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు పంపాలి. నోటీసు అందాక వాళ్లకు 15 రోజుల సమయం. అప్పటికీ ఇవ్వకపోతే ఆ తర్వాత నెల రోజుల్లో మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయాలి. శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం 2018 సవరణతో కోర్టుకు వచ్చింది. కేసు వేయాల్సింది మీ ఖాతా ఉన్న బ్యాంకు శాఖ పరిధిలోని కోర్టులో. యజమాని హైదరాబాద్‌లో, మీరు ఖమ్మంలో ఉంటే మీకు అదొక ఊరట.

చాలామంది జారిపడే చోటు ఇంకొకటి ఉంది. 5 లక్షల చెక్కు ఇచ్చిన యజమాని మధ్యలో 2 లక్షలు నగదుగా ఇచ్చాడు. మీరు అదే 5 లక్షల చెక్కు బ్యాంకులో వేశారు. బౌన్స్ అయినా కేసు నిలవదు. ఎందుకంటే చెక్కు వేసిన రోజుకు అసలు బాకీ 3 లక్షలే. అందిన మొత్తాన్ని చెక్కు మీద నమోదు చేసి మిగతాదానికే వేయాలని 2022లో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తేలికైన దారి, పాత చెక్కు తిరిగిచ్చి మిగిలిన బాకీకి కొత్త చెక్కు తీసుకోవడం.

ఇదే చట్టం మీ వైపూ తిరగవచ్చు. సిమెంటు, స్టీలు షాపుల్లో అప్పు మీద సరుకు తెచ్చుకునేటప్పుడు ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇచ్చే అలవాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. సంతకం మీదైతే చాలు, మిగతా వివరాలు ఎవరు నింపినా అది బాకీ కోసం ఇచ్చిందేనని కోర్టు ముందుగా అనుకుంటుంది. 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. కాదని రుజువు చేయాల్సింది మీరు. ఎంత అవసరమైనా ఖాళీ చెక్కు ఇవ్వకండి. ఇచ్చి ఉంటే దాని నంబరు రాసి, ఏ లెక్కకు ఇచ్చారో షాపు వాళ్లకు ఒక మెసేజ్ పెట్టండి. లెక్క తీరిన రోజే వెనక్కి తీసుకోండి.

ఉద్యమ్ నమోదు: ఉపయోగం, పరిమితి

ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదై, బిల్డర్ కిందో, కంపెనీ కిందో పనిచేసే చిన్న సంస్థలకు 2006 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) అభివృద్ధి చట్టం గట్టి ఆయుధం. సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లు రాసుకున్న గడువులోపు ఇవ్వాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. అసలు గడువే రాసుకోకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6 శాతం ఉంటే వడ్డీ 18 శాతం అవుతుంది. ఇలాంటి బాకీ వివాదాలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. కౌన్సిల్ తీర్పును ఎదుటివారు కోర్టులో సవాలు చేయాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. పైగా, ఇలాంటి బిల్లులు గడువులో కట్టకపోతే ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు చూపించుకోవడం కుదరదన్న నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. దాని వల్ల మార్చి నెలలో పెద్ద కంపెనీలు మీ ఫోన్ ఎత్తుతాయి.

కానీ ఉద్యమ్ చేసుకుంటే చాలు డబ్బు వచ్చేస్తుందని చెప్పేవాళ్లు రెండు విషయాలు వదిలేస్తున్నారు. ఒకటి, నమోదు ముందే ఉండాలి. పని అయ్యాక, గొడవ వచ్చాక నమోదు చేసుకుంటే వెనకటి పనికి లాభం రాదని 2022లో మహాకాళి ఫుడ్స్ తీర్పు చెప్పింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టే ఈ నమోదు ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపింది. తేలేదాకా ముందే నమోదు చేసుకోవడమే క్షేమం. అది ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. రెండోది ఇంకా ముఖ్యం. మెటీరియల్, శ్రమ కలిసిన వర్క్స్ కాంట్రాక్టుకు ఈ చట్టం వర్తించదని బాంబే హైకోర్టు తీర్పులు ఉన్నాయి. ఎదుటివారి లాయరు మొదట లేవనెత్తేది అదే. కేవలం లేబర్ పనో, కేవలం సరుకు సరఫరానో అయితే ఈ చిక్కు రాదు. కలిపి చేసే పనికి కౌన్సిల్ ఒక్కదాన్నే నమ్ముకుని మూడేళ్ల గడువు దాటనివ్వకండి.

సైటులో ప్రమాదం జరిగితే

డబ్బు ఆగితే ఒక ఇంటి లాభం పోతుంది. మనిషి పరంజా మీద నుంచి పడితే ఒక కుటుంబం ఆధారం కోల్పోతుంది. దాని తర్వాత కాంట్రాక్టర్ కుటుంబం కూడా కుదేలవుతుంది. అయినా ఈ విషయం అగ్రిమెంటు రోజు ఎవరికీ గుర్తురాదు.

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలోని సూత్రాలే ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో ఉన్నాయి. నాలుగు కార్మిక కోడ్‌లూ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. పనిలో మరణం సంభవిస్తే నెల కూలీలో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చించాలి. 30 ఏళ్ల మనిషికి ఆ గుణకం 207.98. నెల కూలీ 15,000గా లెక్కిస్తే పరిహారం 15,59,850 రూపాయలు. తప్పు ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ పెద్దగా ఉండదు. తాగి ఎక్కాడు, చెప్పినా బెల్టు కట్టుకోలేదు అన్న వాదనలు చిన్న గాయాల కేసుల్లో పనికొస్తాయి కానీ, మరణానికీ, శాశ్వత పూర్తి వైకల్యానికీ పనికిరావు.

ఎవరు కట్టాలి? యజమాని సొంతానికి ఇల్లు కట్టించుకుంటుంటే అది ఆయన వ్యాపారం కాదు. కాబట్టి సాధారణంగా భారం కాంట్రాక్టర్ మీదే పడుతుంది. బిల్డర్ కింద చేసే పనైతే బిల్డర్ దగ్గర కూడా వసూలు చేయవచ్చు. ఆయన తిరిగి మీ దగ్గర రాబట్టుకుంటారు.

ఇలాంటప్పుడు ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని కుటుంబానికి మూడు నాలుగు లక్షలు ఇప్పించి కాగితం రాయిస్తారు. ఆ కాగితంతో బాధ్యత తీరదు. మరణ పరిహారాన్ని సంబంధిత అధికారి దగ్గరే డిపాజిట్ చేయాలి. నేరుగా ఇచ్చింది, కొద్దిపాటి అడ్వాన్సు తప్ప, పరిహారంగా లెక్కకు రాదు. ఆ కుటుంబానికి దక్కాల్సినదానిలో పావు వంతుతో సరిపెట్టడం అన్యాయం కూడా. సరైన దారి, పని మొదలుపెట్టే ముందే వర్క్‌మెన్ కాంపెన్సేషన్ (కార్మికుల పరిహార బీమా) పాలసీ తీసుకోవడం. దాని ప్రీమియం ఇంటి రేటులో కనిపించనంత చిన్న మొత్తం. దాన్ని కొటేషన్‌లోనే కలపండి. కూలీలను భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు చేయించడం దీనికి అదనం. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసినవారు అర్హులు. చాలామందికి ఆ 90 రోజుల రుజువు ఇచ్చేవాళ్లు ఉండరు. మీ మస్టర్ (హాజరు) పుస్తకం, మీ సంతకం వాళ్లకు ఆ రుజువు.

పన్నులు, భాగస్వాములు

వీటిని క్లుప్తంగా చెబుతాను, మీ అకౌంటెంట్ ఎలాగూ ఉంటారు. సేవలకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్‌టీ నమోదు కావాలి. మెటీరియల్‌తో సహా చేసే పనికి సాధారణంగా 18 శాతం. విడిగా ఉన్న ఒక్క ఇంటికి లేబర్ మాత్రమే ఇచ్చే కాంట్రాక్టుకు మినహాయింపు ఉంది. అది అపార్ట్‌మెంటుకు రాదు. అగ్రిమెంటులో "జీఎస్‌టీ అదనం" అన్న మాట లేకపోతే ఆ 18 శాతం మీ జేబులోంచే పోవచ్చు. మీరు సొంత పేరుతో పని చేస్తుంటే బిల్డర్లు మీ బిల్లులో 1 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. పట్టుకుంది ప్రభుత్వానికి కట్టారో లేదో మీ పాన్ కింద చూసుకోండి.

ఇద్దరు ముగ్గురు కలిసి ఫర్మ్ పేరుతో పనులు చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 1932 భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ ప్రకారం, నమోదు కాని ఫర్మ్ తన ఒప్పందం మీద బయటివాళ్లపై దావా వేయలేదు. పని ఎంత బాగా చేసినా, కాగితాలు ఎన్ని ఉన్నా, ఆ ఒక్క కారణంతో కేసు కొట్టేస్తారు. దావా వేసే నాటికి నమోదు ఉండాలి.

మధ్యలో పంపేస్తే, స్టేషన్‌కు పిలిస్తే

యజమాని మధ్యలో పని ఆపించి ఇంకో మేస్త్రీని పెట్టుకుంటే, మొదటి మూడు రోజులే మీ కేసు. కొత్తవాళ్లు పని మొదలుపెట్టాక ఎవరు ఎంత చేశారో తేల్చడం కష్టం. ఆ లోపు గది గదికీ వీడియో, కొలతలు, సైటులో ఉన్న మీ మెటీరియల్, సెంట్రింగ్ సామాను జాబితా తీసి యజమానికి పంపండి. వివాదం పెద్దదైతే, దావాతో పాటు అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున సైటు చూసే లాయరును) వేయమని కోర్టును అడగవచ్చు. ఆయన వచ్చి చూసి ఇచ్చే నివేదికకు చాలా విలువ ఉంటుంది.

పోలీస్ స్టేషన్‌లో సెటిల్‌మెంట్ ఇద్దరూ వెతుక్కునే అడ్డదారి. డబ్బు తీసుకుని పని ఆపాడని మీ మీద మోసం కేసు పెడతామంటారు. ఒప్పందం తప్పడం దానంతటదే మోసం కాదు. మొదట్లోనే మోసగించే ఉద్దేశం ఉండాలని సుప్రీంకోర్టు 2000లో హృదయ రంజన్ కేసులోనూ, ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. పిలిస్తే వెళ్లండి, మర్యాదగా కాగితాలు చూపించండి. అక్కడ టెన్షన్‌లో బాకీ ఒప్పుకుంటూ రాసిన కాగితం మీద సంతకం మాత్రం పెట్టకండి. అలాగే యజమాని నాణ్యత బాగాలేదని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఇల్లు కట్టి ఇవ్వడం చట్టం దృష్టిలో సేవే. అందుకే ప్రతి స్టేజీలో స్టీలు కట్టిన ఫోటోలు, క్యూరింగ్ రోజుల లెక్క, సిమెంటు బిల్లులు దాచుకోండి.

దావాకు ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్ ప్రయత్నించమని నా సలహా. కేసు వేయకముందే అక్కడ పెట్టవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. రెండు మూడు లక్షల బాకీకి ఏళ్ల తరబడి సివిల్ కోర్టు చుట్టూ తిరగడం కంటే, అక్కడ కొంత తగ్గించుకుని తెచ్చుకోవడం చాలామందికి నయం.

చివరిగా, ఆఖరి చెల్లింపు రోజు. చాలా సంస్థలు "ఫుల్ అండ్ ఫైనల్, ఇక ఏ బాకీ లేదు" అన్న కాగితం మీద సంతకం పెడితేనే చెక్కు ఇస్తామంటాయి. కూలీలకు ఇవ్వాల్సిన డబ్బు కోసం కాంట్రాక్టర్ పెట్టేస్తాడు. ఒత్తిడితో తీసుకున్న అలాంటి సంతకం అంతిమం కాదని 2008లో బొఘారా పాలీఫ్యాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఒత్తిడి ఉందని మీరే చూపించాలి. సంతకం కింద "అదనపు పనుల బాకీ 1,85,000 మీద నా హక్కు వదులుకోకుండా తీసుకుంటున్నాను" అని రాయండి. రాయనివ్వకపోతే చెక్కు తీసుకుని, అదే రోజు అదే మాటను ఈమెయిల్‌లో, స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదును అగ్రిమెంటు ఫైలులోనే పెట్టుకోండి.